స్మృతిముద్ర

"గురువుగారూ, ఒక్క మాట అడుగుతాను, ఏమనుకోకండి. ఆ అక్షరాలను మీరు స్వరంతో వల్లె వేశారా?"

డాక్టర్ తాళ్ళూరి ప్రమీల అడిగిన ప్రశ్నకు మంథా యజ్ఞనారాయణ ఘనపాఠి గారు విస్తుపోయారు.

"స్వరం లేకుండా ఎలా వల్లె వేస్తారు తల్లీ? అన్నం కలపకుండా ముద్ద నోట పెట్టుకోమన్నట్టుంది."

ప్రమీల తెరవైపు తిరిగింది. విశాఖపట్టణంలో సముద్రానికెదురుగా గుట్టమీద వెలసిన మస్తిష్క పరిశోధనశాలలో, ఆమె ముందున్న తెరమీద ఆయన మెదడు చిత్రం వెలుగుతున్నది. అరవై అయిదేళ్ళుగా ఆయన అభ్యసించిన వేదం నీలిరంగు పోగులుగా కనిపిస్తున్నది. పదిహేనేళ్ళ క్రితం ఆయన కంఠస్థం చేసిన ముద్ర ఎర్రరంగులో, ఒక మూలన చిన్న చుక్కగా ఉంటుందని ఆమె ఆశించింది. చుక్క ఎక్కడా లేదు. నీలిపోగుల నడుమ ప్రతి వరుసలోనూ ఎర్రపోగు దూరి, నేతచీరలో జరీలాగా ఆ కొసనుండి ఈ కొసదాకా పరుచుకొని ఉన్నది.

స్మృతిముద్రను కనిపెట్టినది ప్రమీలే. యంత్రాలు వేసిన ప్రతి తాళాన్నీ అంతకన్న వేగంగల యంత్రాలు విప్పివేస్తున్న రోజులలో, మనిషి స్మృతినే తాళంగా మార్చవచ్చునని నిరూపించిన మేధావిని ఆమె. అర్థంలేని మూడువందల ఇరవైనాలుగు అక్షరాలను ఒక వ్యక్తి కంఠస్థం చేస్తాడు. అతడు వాటిని చదువుతున్నప్పుడు మెదడులో లేచే తరంగాలే తాళపుచెవి. అక్షరాలను దొంగిలించినవాడు ఆ తరంగాలను దొంగిలించలేడు. ప్రపంచంలోని ముప్పైయేడు నిరుపేద దేశాలకు అప్పులిచ్చినవారు తమ పత్రాలన్నిటినీ ఒకే చిట్టాగా కూర్చి, దానికి ఈ ముద్ర వేయించారు. ఏడాదికొకమారు ముద్రాధరుడు వచ్చి చదవాలి. అప్పుడు చిట్టా తెరుచుకుంటుంది, వడ్డీ చేరుతుంది, తిరిగి మూసుకుంటుంది.

ఈ పనికి ఎందరినో పరీక్షించారు. రెండేళ్ళు తిరిగేసరికి అందరికీ ఎక్కడో ఒక అక్షరం జారిపోయేది. జారనిది వేదపండితులకు మాత్రమే. వారిలో ముగ్గురిని ఎంచుకున్నారు. ఇద్దరు కాలం చేశారు. మిగిలినది ఘనపాఠి గారొక్కరే.

"ఉన్నది ఉన్నట్టుగా, మామూలు గొంతుతో, వరుసగా నేర్చుకోండి" అని ఆనాడు ఇచ్చిన కాగితంలో స్పష్టంగానే వ్రాసి ఉన్నది. కాని ఘనపాఠి గారికి చదువంటే ఒక్కటే పద్ధతి తెలుసు. ఆ అక్షరాలను పదాలుగా విరిచారు. మొదటి పదం, రెండవది, రెండవది, మొదటిది, మళ్ళీ మొదటిది, రెండవది, మూడవది, ఇలా ముందుకూ వెనుకకూ అల్లుతూ ఘనం కట్టారు. ఎత్తుగడకూ దింపుడుకూ స్వరాలు కూర్చారు. తండ్రి తనకు నేర్పిన తీరుననే తనకు తాను నేర్పుకున్నారు. మరెవరూ చేయని పొరపాటు అది.

"ముద్రను చెరిపే యంత్రం సిద్ధంగానే ఉంది" అన్నది ప్రమీల, గొంతు తగ్గించి. "కాని ఈ ఎర్రపోగు లాగితే నీలిపోగులూ ఊడివస్తాయి. వేదం పోతుంది గురువుగారూ."

"ఎంత పోతుంది?"

"మొత్తం."

"సంధ్యావందనం?"

"అదీ పోతుంది."

ఆయన కొంతసేపు కిటికీలోంచి సముద్రం వైపు చూశారు. "మా ఆవిడ?"

"ఉంటారు. మనుషులు, మాట, ఇల్లు, అన్నీ ఉంటాయి."

"అయితే పోట్లాటలు మిగులుతాయన్నమాట. సంతోషం" అని నవ్వబోయారు. నవ్వు సగంలో నిలిచిపోయింది.

చిట్టాను చెరపవలసిన అగత్యం ఉన్నది. ఋణదాతల సభ అంతకుముందు రెండుమార్లు ఆ అప్పులను మాఫీ చేసింది. రెండుమార్లూ సభకు కొత్త పాలకులు వచ్చి, చిట్టా చెక్కుచెదరక ఉన్నది కదా అని తెరిపించి, మాఫీ చేసిన కాలానికి కూడా వడ్డీ కట్టించుకున్నారు. మూడవసారి సభ మాఫీ ప్రకటించినప్పుడు పేద దేశాలు ఒక్కటే కోరాయి: చిట్టా మరి తెరుచుకోకూడదు. ముద్ర తెలిసిన ఆఖరి మనిషి దాన్ని మరిచిపోయిననాడు మాత్రమే అది సాధ్యం. సభ ఒప్పుకొని నలభై రోజులు గడువిచ్చింది. కొత్త ముద్రాధరుని నియమించడానికి ఆ గడువు దాటేదాకా కాచుకొని కూర్చున్నవారూ లేకపోలేదు.

*

"ఎవరో అప్పు చేస్తే మీ తలకాయ తాకట్టా?" అన్నారు విశాలాక్షమ్మ గారు.

కోనసీమలో గౌతమి పాయ ఒడ్డున వారి ఇల్లు. ఆమె అరటిదూట తరుగుతూ కత్తిపీట మీదినుంచి లేవకుండానే భర్తను నిలదీశారు.

"తాకట్టు పెట్టి పదిహేనేళ్ళయింది విశాలా. విడిపించుకొమ్మంటున్నారు."

"విడిపించుకోవడం అంటే మన వస్తువు మనకు రావాలి. ఉన్నది కూడా పోవడాన్ని ఏమంటారో ఘనపాఠులు మీరే చెప్పండి. అయినా వద్దని ఆనాడే మొత్తుకున్నాను. వింటేనా?"

"పత్రం భద్రపరచడం ధర్మమే కదా అనుకున్నాను. తీసుకున్నవాడు తీర్చాలి, ఇచ్చినవాడు నష్టపోకూడదు. అందులో తప్పేముంది?"

"తప్పేవిటో నాకు తెలీదు. మీరు పొద్దున్నే చదవకపోతే ఈ ఇంట్లో తెల్లవారదు. అది మాత్రం తెలుసు."

ఆ వారంలోనే ప్రమీల ఒక అతిథిని వెంటబెట్టుకొని వచ్చింది. ఆమె పేరు తాందీవే, దేశం ఆఫ్రికాలో లోతట్టునున్న న్యాంబిరా. ఇరవైరెండేళ్ళు మంత్రసానిగా పనిచేసి, ఇప్పుడు ఆ దేశం తరఫున ఋణదాతల సభ ముందు మాట్లాడుతున్నది. నల్లని ముఖంలో పెద్ద కన్నులు, నిండైన నవ్వు. నవ్వితే ముందుపళ్ళు రెండు అంచులు విరిగి, అరిగి కనిపిస్తాయి. ఆమె ఆంగ్లంలో మాట్లాడుతుంటే ప్రమీల తెలుగు చేసింది.

ఘనపాఠి గారు పెద్దపెద్ద ప్రశ్నలు అడగాలని సిద్ధమవుతుండగా, విశాలాక్షమ్మ గారు అరటాకులో పులిహోర వడ్డించి, తిన్నగా అడిగేశారు.

"ఆ పళ్ళేవిటమ్మా అలా విరిగాయి? పడ్డావా?"

ప్రమీల అడగడానికి తటపటాయించింది. "అడుగమ్మా, ఆడవాళ్ళం ఆడవాళ్ళం" అన్నారామె.

తాందీవే సంచిలోంచి ఒక పాత టార్చిలైటు తీసింది. ఇనుప గొట్టం చుట్టూ పళ్ళగాట్లు, వరుసమీద వరుస.

"కాన్పు చేసేటప్పుడు రెండు చేతులూ కావాలి. మా ఆసుపత్రిలో దీపం ఉండదు. దీపం పట్టే మనిషీ ఉండదు. అందుకని దీన్ని ఇలా పళ్ళమధ్య పట్టుకుంటాను" అని కొరికిపట్టి చూపింది. "బిడ్డ అడ్డం తిరిగితే గట్టిగా కొరుకుతాను. అలా విరిగాయి."

"కరెంటు లేదా?"

"తీగలున్నాయమ్మా. బిల్లు కట్టడానికి డబ్బులేదు. మా రాబడిలో సగం పైగా వడ్డీకే పోతుంది."

"అంత అప్పు దేనికి చేశారు?"

"నేను పుట్టకముందు మమ్మల్ని ఏలిన సేనాపతి చేశాడు. యుద్ధనౌకలు మూడు కొన్నాడు." తాందీవే కళ్ళలో ఒక కొంటె మెరుపు. "మా దేశానికి సముద్రం లేదు."

విశాలాక్షమ్మ గారు పకపకా నవ్వారు. నవ్వుతూనే ఆగిపోయి, పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

ఘనపాఠి గారు నవ్వలేదు. ఆయన ఆ టార్చిలైటును చేతిలోకి తీసుకొని, ఒక్కొక్క గాటునూ వ్రేలితో తడిమారు. ఏటేటా ఉతికిన పట్టుపంచె కట్టుకొని, గొంతు సవరించుకొని, విశాఖపట్టణం వెళ్ళి చదివి వచ్చేవారు. ఒక్క స్వరం తప్పిపోలేదని అక్కడివారు చప్పట్లు కొట్టేవారు. ఆ ఒక్క స్వరమైనా తప్పి ఉంటే ఆ ఏటికి చిట్టా తెరుచుకునేది కాదు కదా! తాను తప్పకుండా చదివిన ప్రతిమారూ ఎక్కడో ఈ ఇనుముమీద ఒక గాటు పడిందన్న ఊహ ఆయనను నిలువునా దహించింది.

అతిథి వెళ్ళిపోయిన తరువాత విశాలాక్షమ్మ గారు ఆకు ఎత్తుతూ, ఎవరితోనో అన్నట్టు అన్నారు.

"నాకు ఇద్దరు పిల్లలూ పురిట్లోనే పోయినప్పుడు దీపాలు బాగానే వెలిగాయి. ఆ అమ్మాయి చేతుల్లో దీపం లేకుండా ఎంతమంది పోయారో." ఆకు మడిచి అన్నారు: "వెళ్ళండి. నేనేం అనను."

*

వద్దన్నది ఫణీంద్ర అవధాని. ఘనపాఠి గారి పదకొండుమంది శిష్యులలో పెద్దవాడు. నలభైయేళ్ళు దాటినవాడు, తానే మరో ఆరుగురికి చెబుతున్నవాడు. కబురు అందగానే రాజమహేంద్రవరంనుంచి పరుగెత్తుకొచ్చాడు.

"మనిషి మూడు ఋణాలతో పుడతాడని మీరే చెప్పారు గురువుగారూ. దేవతలకూ, పితరులకూ, ఋషులకూ. అధ్యయనంతో తీరేది ఋషి ఋణం. ఉన్న అధ్యయనాన్ని చెరిపించుకుంటే ఆ ఋణం నెత్తిమీద మళ్ళీ పడదాండీ? ఎవరి అప్పో కొట్టేయించడానికి మీరు ఋషులకు అప్పుపడతారా?"

"బాగా అడిగావురా" అన్నారు ఘనపాఠి గారు. "వారం రోజులుగా నేనూ అదే అడుక్కుంటున్నాను. ఋషులు నాకిచ్చినది నా దగ్గర దాచుకొమ్మని ఇవ్వలేదు. నాకు మా నాన్నగారు ఇచ్చారు, నీకు నేనిచ్చాను. అక్కడికి తీరింది నా ఋణం. ఇంకా నాలో మిగిలి ఉన్నది నా ఆస్తి అనుకుంటున్నానే, అది ఆశ. ఆశను వదలడానికి శాస్త్రం ఎక్కడా అడ్డు చెప్పలేదు."

"మాటకు మాట చెప్పారు గాని, మీకు ఏడుపు రావడం లేదా?"

"ఎందుకు రావడం లేదూ? రోజూ స్నానానికి వెళ్ళి పంటకాలవలో ఏడ్చి వస్తున్నాను. అక్కడైతే తడి ఎక్కడిదని ఎవరూ అడగరు."

గడువులో మిగిలినవి ఇరవైతొమ్మిది రోజులు. ఆఖరి రెండు రోజులు విశాఖపట్టణానికి విడిచి, మిగిలిన రోజులన్నీ గురుశిష్యులు ఎదురెదురుగా కూర్చొని మొదలునుండి చివరిదాకా పారాయణ చేశారు. ఫణీంద్ర పాఠంలో ఎక్కడైనా నలక ఉంటే ఘనపాఠి గారు చూపుడువ్రేలితో నేలమీద ఒక్క దెబ్బ కొట్టేవారు. మొదటి రోజున నాలుగు దెబ్బలు, పదవ రోజున ఒకటి. ఆపైన నేలమీద వ్రేలు మోగలేదు. వంటింట్లో పోపు వేగుతూనే ఉన్నది, విశాలాక్షమ్మ గారు వింటూనే ఉన్నారు. ఆఖరి పదం ముగిసిన తరువాత ఆయన శిష్యుని భుజం తట్టారు.

"నీ దగ్గర లేనిది నా దగ్గర ఏదీ లేదు. ఇక నేను సుఖంగా దరిద్రుణ్ణి కావచ్చు."

*

జ్ఞాపకం పైకి వచ్చినప్పుడే మెత్తబడుతుంది, మెత్తబడినప్పుడే చెరుగుతుంది. ప్రమీల యంత్రం ఆ సూత్రం మీదనే పనిచేస్తుంది. అందుచేత ఘనపాఠి గారు ముద్రను మొదటినుండి చివరిదాకా స్వయంగా చదవాలి. చదివినంత మేర వెనుకనుండి చెరిగిపోతూ వస్తుంది. మధ్యలో ఆపితే మిగిలిన భాగంతో చిట్టా తనను తాను సరిచేసుకుంటుంది. మొదలుపెట్టినవాడు ముగించి తీరాలి.

"కొంత దూరం చదివాక మీరు ఎందుకు చదువుతున్నారో మీకే తెలియకపోవచ్చు" అని ప్రమీల హెచ్చరించింది. "భయం వేస్తుంది. ఆపాలనిపిస్తుంది. మీరు ఆపమంటే నేను ఆపి తీరాలి, అది వైద్యధర్మం."

"అట్టమీద ఏదైనా వ్రాసి నా ఎదురుగా పెట్టు తల్లీ."

"నేను వ్రాస్తాను" అన్నారు విశాలాక్షమ్మ గారు. "అచ్చుముక్కను ఆయన నమ్మరు. నా చేతివ్రాతైతే తిట్టుకుంటూనైనా వింటారు."

ఉదయం తొమ్మిది గంటలకు ఆయన తూర్పుముఖంగా కూర్చున్నారు. తలచుట్టూ సన్నని వెండితీగల వల. అద్దానికి ఆవల తాందీవే, ఫణీంద్ర. ఎదురుగా అట్ట పట్టుకొని విశాలాక్షమ్మ గారు. సంకల్పం చెప్పుకొని, గొంతు సవరించుకొని, ఆయన ఎత్తుకున్నారు.

పరిశోధనశాలలోని కుర్ర ఉద్యోగులు కూడా చేతిలో పని వదిలి నిలబడ్డారు. అర్థంలేని ఆ అక్షరాలు ఆ కంఠంలో ఎంత గంభీరంగా పలికాయంటే, వాటికి ఇంతకాలం అర్థం లేకపోవడం మన లోపమే అనిపించింది. పదం ముందుకు వెళ్ళి, వెనుకకు తిరిగి, మరొకదాన్ని చేయిపట్టి తెచ్చుకొని మళ్ళీ ముందుకు వెళుతున్నది. తెరమీద ఒక అంచునుండి ఎర్రపోగు మాయమవుతున్నది. దాని వెంట నీలిపోగులు ఒక్కొక్కటిగా ఆరిపోతున్నాయి.

ఇరవై నిమిషాలు గడిచేసరికి ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. ప్రమీలకు అర్థమైంది. తండ్రి ఒడిలో నేర్చుకున్న వేదపు మొదటి పనస, ఆ యాభై పదాలూ, ఆ క్షణాన పోయాయి. ఆయన చెయ్యి దేనికోసమో గాలిలో వెదికింది. గొంతు సన్నగిల్లింది. కళ్ళు బెదిరి, ఇక్కడికి నన్నెవరు తెచ్చారన్నట్టు చుట్టూ చూశాయి.

విశాలాక్షమ్మ గారు అట్ట పైకెత్తారు. పెద్ద పెద్ద అక్షరాలతో, బొగ్గుతో గీసినట్టుగా అందులో ఉన్నది:

"ఆగకండి. నేనిక్కడే ఉన్నాను."

ఆయన ఆ వ్రాతను గుర్తుపట్టారు. ఆమెను గుర్తుపట్టారు. ఎందుకో తెలియదు, దేనికో తెలియదు. ఈమె ఆగవద్దంటున్నది, అంతే. మళ్ళీ గొంతు నిండింది. ఒడ్డు కనపడకపోయినా బార వెంట బార వేసే ఈతగానివలె ఆయన చదువుతూ పోయారు. ఆమె చేతులకు నొప్పి పుట్టింది. ఫణీంద్ర లోపలికి వచ్చి అట్ట అందుకోబోతే తల అడ్డంగా ఊపారు.

పదకొండుగంటలకు చివరి అక్షరం పలికింది. తెర నల్లబడింది. పక్కగదిలో యంత్రంలోని చిట్టా ఒక్కసారి తెరుచుకోబోయి, చెరిగిపోయిన తరంగాలతో తాళం కుదరక, అంకెలన్నీ ఇసుకలా కలిసిపోయాయి. ముప్పైయేడు దేశాల అప్పు ఇక ఏ పాలకుడూ చదవలేనిదైపోయింది.

తాందీవే అద్దానికి నుదురు ఆనించి నిలబడిపోయింది. ప్రమీల తాను కనిపెట్టిన యంత్రం వైపు చూడలేక ముఖం తిప్పుకున్నది.

"విశాలా" అన్నారాయన, అలసటగా. "నేనేం చదివాను?"

"మంచిదే చదివార్లెండి" అని ఆమె అట్ట దించి, పైటతో ఆయన చెమట తుడిచారు. "ఒక్క స్వరం తప్పిపోలేదు."

*

పోయినది ఏమిటో తెలియకపోయినా, పోయిందని ఆయనకు తెలుస్తూనే ఉన్నది. పొద్దున్నే లేచి పంటకాలవకు వెళ్ళేవారు. దోసిలితో నీళ్ళు తీసుకునేవారు. పెదవులు తెరుచుకునేవి, మాట వచ్చేది కాదు. నీళ్ళు వ్రేళ్ళ సందుల్లోంచి కారిపోయేదాకా నిలబడి, తిరిగి వచ్చేవారు. ఇంట్లో ఉదయాలు మూగవోయాయి. విశాలాక్షమ్మ గారు గిన్నెలు కొంచెం గట్టిగా చప్పుడు చేయడం మొదలుపెట్టారు.

మూడునెలలకు న్యాంబిరానుంచి ఒక పొట్లం వచ్చింది. లోపల టార్చిలైటు. జాబులో తాందీవే రెండే వాక్యాలు వ్రాసింది, ప్రమీల ఫోనులో తెలుగు చేసి చెప్పింది: "మా కాన్పుల గదిలో దీపం వెలుగుతున్నది. ఇది ఇక నాకు అక్కరలేదు, మీ దగ్గర ఉంచండి." విశాలాక్షమ్మ గారు దానిని పసుపునీళ్ళతో తుడిచి దేవుడి మందిరంలో దీపపుసెమ్మె పక్కన పెట్టారు. ఘనపాఠి గారు ఆ గాట్లు చాలాసేపు చూశారు.

"ఫణీంద్రకు కబురుపెట్టు" అన్నారు.

శిష్యుడు వచ్చి సాష్టాంగపడి, అలవాటు చొప్పున పల్లపు పీటవైపు నడిచాడు. అప్పటికే ఆ పీటమీద ఘనపాఠి గారు కూర్చొని ఉన్నారు. ఎత్తుపీట ఖాళీగా ఉన్నది.

"అదేవిటి గురువుగారూ! లేవండి, మహాపాపం!"

"కూర్చో. సంథ చెప్పు. నువ్వు ఒకసారి, నేను రెండుసార్లు. పద్ధతి అదేనటగా, విశాల చెప్పింది."

ఫణీంద్ర కూర్చోలేక కూర్చున్నాడు. మొదటి పనసలో మొదటి వాక్యం ఎత్తుకున్నాడు. కన్నీళ్ళు అడ్డుపడి స్వరం ఒకచోట పక్కకు జారింది. నేలమీద వ్రేలి దెబ్బ పడుతుందని అతని ఒళ్ళు తనకు తెలియకుండానే ముడుచుకున్నది. దెబ్బ పడలేదు. గురువుగారు నిర్మలంగా, శ్రద్ధగా, ఆ తప్పునే నేర్చుకోవడానికి సిద్ధంగా అతని ముఖంలోకి చూస్తున్నారు.

అతడు ఉత్తరీయంతో కళ్ళు ఒత్తుకున్నాడు.

"అక్కడ దిగాలి నాయనా, ఎక్కించావు" అన్న మాట వంటింట్లోంచి వచ్చింది.

ఇద్దరూ అటు తిరిగారు. విశాలాక్షమ్మ గారు చేతిలో గరిటెతో గడపలో నిలబడి ఉన్నారు.

"నీకెలా తెలుసే?" అన్నారు ఘనపాఠి గారు.

"యాభై మూడేళ్ళు విన్నాను. నాకు మాత్రం చెవుల్లేవా? మీ యంత్రం నా తలకాయ జోలికి రాలేదుగా!"

ఫణీంద్ర ఏడుస్తూనే నవ్వాడు. వాక్యాన్ని సరిచేసి మళ్ళీ చెప్పాడు. ఘనపాఠి గారు అనబోయి ఆగారు.

"నాకెక్కడ ఎత్తాలో ఎక్కడ దించాలో తెలియడం లేదురా. చిన్నపిల్లలకైతే ఏం చేస్తావు?"

అతడు తల దించుకున్నాడు. "నెత్తిమీద చెయ్యి వేసి, దిగేచోట తల వంచి, ఎక్కేచోట ఎత్తుతానండి. మీరు నాకు అలాగే నేర్పారు. కాని మీ శిరస్సు మీద నా చెయ్యి... నా వల్ల కాదండీ."

ఘనపాఠి గారు చెయ్యి చాచి, శిష్యుని కుడిచేతిని పట్టుకొని, తెచ్చి తన నెరిసిన పిలకమీద పెట్టుకున్నారు.

"ఊఁ. చెప్పు."

ఫణీంద్ర చెప్పాడు. అతని చేతికింద డెబ్బై మూడేళ్ళ తల మెల్లగా వంగింది; మరుక్షణం స్వరంతోబాటు లేచింది. ఆయన ఆ వాక్యాన్ని ఒకసారి అన్నారు. వంటింటి గడపవైపు ఒకమారు చూశారు. అటునుంచి ఏ దిద్దుబాటూ రాలేదు.

రెండవసారి అన్నారు.